ముందు వైరు చూద్దాం

వైరు బాబాయి ఏ మనిషినీ తప్పుపట్టడు. లోకంలో జరిగే సమస్త పొరపాట్లకూ, తగవులకూ, అపజయాలకూ కారణం ఎక్కడో ఒకచోట వదులైన వైరేనని ఆయన గట్టి నమ్మకం. కూరలో ఉప్పు ఎక్కువైనా, బస్సు తప్పిపోయినా, పక్కింటివాళ్ళు మొహం తిప్పుకుని వెళ్ళినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "ముందు వైరు చూద్దాం." ఆ మాట అంటూనే చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీస్తాడు. ఆ జేబులో పెన్ను ఉండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఉప్పు సంగతే తీసుకోండి. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య వండిన కూర నోట పెట్టలేనంత ఉప్పగా కుదిరిందట. బాబాయి ఒక ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, స్టూలెక్కి వంటింటి బల్బు విప్పాడు. "హోల్డర్లో వైరు వదులైంది. ఈ గుడ్డి వెలుగులో ఎంత వేశావో నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?" అన్నాడు. "నేను ఉప్పు వేసింది మిట్టమధ్యాహ్నం, కిటికీ పక్కన నిలబడి" అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఎలాగూ బల్బు బాగుపడింది కదా అని ఆ రోజుకు ఊరుకుందట.

కొడుకు లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఇంకో ఇంట్లో అయితే వీపు విమానం మోత మోగేది. బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టేబుల్ లైటు వైరు మార్చాడు. మూడోసారి వాడు గట్టెక్కాడు. "నేను ఆరు నెలలు కూర్చుని చదివాను నాన్నా" అని వాడు మొత్తుకుంటే, "లైటు ఉంటేగా చదివేది" అన్నాడు. ఆ పాత వైరు చాలాకాలం దాచిపెట్టి, పరీక్ష తప్పిన ప్రతి పిల్లాడి తండ్రికీ తీసి చూపించేవాడు.

పక్కింటి దంపతులు వారం రోజులు మాట్లాడుకోలేదు. వీధి వీధంతా తలో న్యాయం చెప్పింది. బాబాయి వెళ్ళి వాళ్ళ కాలింగ్ బెల్లు విప్పాడు. "బెల్లు లోపలికి మోగట్లేదండీ. ఆయన బయట అరగంట నిలబడి, ఆవిడ కావాలనే తలుపు తీయలేదనుకున్నాడు. పాపం, ఆవిడకు వినపడితేగా" అని తీర్పు చెప్పాడు. బెల్లు నిజంగానే మోగట్లేదో, ఈయనే విప్పి చెడగొట్టాడో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రానికి మాత్రం ఇద్దరూ కలిసి కూరగాయలకు వెళ్ళారు.

ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి ఉద్యోగం చెవుల ఆసుపత్రిలో. బయటి చప్పుడేదీ చొరబడని చిన్న గదిలో మనుషులను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఏ శబ్దం ఎంత వినపడుతోందో కొలిచి చార్టు గీస్తుంది. లోపం ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి చూపించడమే ఆమె పని. అందుకే మామగారి పద్ధతి ఆమెకు మొదట్లో నవ్వు తెప్పించినా, రానురాను ఒళ్ళు మండించేది. "మీ నాన్నకు మనుషుల మీద అంత నమ్మకమా, వైర్ల మీద అంత కోపమా?" అని ఒకసారి భర్తను అడిగింది. "పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, నేనే తేల్చుకోలేకపోయాను" అన్నాడతను.

అయితే పనిలో మాత్రం ఆయన చెయ్యి బంగారం. ఆ సంగతి కోడలూ ఒప్పుకుంటుంది. ఇంటి ముందుగదే ఆయన వర్క్‌షాపు. గోడలనిండా ఎలక్ట్రిక్ గిటార్లు వేలాడుతుంటాయి. ఈ గిటార్లలో తీగల కింద పికప్పులని ఉంటాయి. అయస్కాంతం చుట్టూ తలవెంట్రుకకన్నా సన్నటి రాగితీగను వేల చుట్లు చుట్టి చేస్తారు వాటిని. తీగ కదలికను పట్టుకుని స్పీకరుకు పంపేది అవే. చవక గిటారు కొన్నవాళ్ళు కొన్నాళ్ళకు ఆ పికప్పులు తీయించి మంచివి వేయించుకుంటారు. వాటితోపాటు శబ్దాన్ని పెంచే తగ్గించే మీటలు, కండెన్సరు, లోపలి వైర్లు అన్నీ మారతాయి. బాబాయి వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ పట్టుకుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. చుక్క సీసం మెరుస్తూ గడ్డకట్టేవరకూ ఆయన ఊపిరి కూడా తీసుకోడు.

ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి దాదాపు ఏడుస్తూ గిటారు తెచ్చింది. ఇంకెవరో మెకానిక్కు కొత్త పికప్పులు రెండు వేశాడట. ఒక్కొక్కటే మోగిస్తే బ్రహ్మాండంగా ఉంది, రెండూ కలిపితే గొంతు పట్టేసినట్టు పీలగా వస్తోంది. బాబాయి వెనక మూత విప్పి ఒక్క చూపు చూశాడు. "విడివిడిగా ఇద్దరూ మంచివాళ్ళేనమ్మా. ఒకదాని వైర్లు తిరగేసి అతికారు. ఒకటి ముందుకు లాగుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది" అని రెండు నిమిషాల్లో సరిచేశాడు.

"ఆ మెకానిక్కుకు పని రాదన్నమాట" అంది కోడలు పక్కనుంచి.

"వాడి తప్పేముంది? రెండు వైర్లకూ ఒకే రంగు తొడుగు వేస్తే ఎవడైనా పొరపడడా?" అన్నాడు బాబాయి.

వైర్ల రంగులు ఎరుపు, తెలుపు అని కోడలికి తను నిలబడ్డచోటికే కనిపిస్తున్నాయి. నోరు నొక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక ఎర్ర గిటారాయన కథకు వద్దాం. ఆయన పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో ఉంటాడు. శనివారం సాయంత్రం మాత్రం ఒక హోటలు భోజనాల హాల్లో నలుగురు మనుషుల బ్యాండులో గిటారు వాయిస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే బ్యాండు, అదే హాలు, అదే ఎర్ర గిటారు. ఒకరోజు ఆ గిటారును చంటిబిడ్డలా మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు.

"దీనికి ఏదో అయింది బాబాయ్. శబ్దంలో పదును పోయింది. దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. మంచి పికప్పులు వేసి దీన్ని మళ్ళీ మనిషిని చెయ్యండి. నేను వారమంతా ఆ శనివారం కోసమే బతుకుతాను."

ఆయన ఆ మాట అంటుండగానే ఆయన చేతి గడియారం సన్నగా కూయడం మొదలుపెట్టింది. కోడలు తలెత్తి చూసింది. వంటింట్లోంచి ఆమె అత్తయ్య తొంగి చూసింది. బాబాయి కూడా గడియారం వంక ఓ చూపు చూశాడు. అది నిమిషం పాటు కూసి కూసి దానంతటదే ఆగిపోయింది. ఎర్ర గిటారాయన మాత్రం గిటారు తీగలనే నిమురుతూ కూర్చున్నాడు.

"ముందు వైరు చూద్దాం" అన్నాడు బాబాయి.

ఆ వారం మీటలు మార్చాడు. లోపల రాగి రేకు అతికించాడు. శనివారం గడిచింది. "కాస్త నయం. ఇంకొంచెం పదును కావాలి" అన్నాడు ఎర్ర గిటారాయన. రెండో వారం పాత పికప్పులు తీసి జాగ్రత్తగా గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, కొత్తవి వేశాడు. "బాగుంది. ఇంకొంచెం" అన్నాడాయన. మూడో వారం కండెన్సరు మార్చాడు. ఆ గిటారు ముందుగదిలో మోగితే అటక మీద గిన్నెలు జివ్వుమంటున్నాయి. అత్తయ్య చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసింది. "ఇంకొక్క పిసరు" అన్నాడు ఎర్ర గిటారాయన.

ఆ మర్నాడే బ్యాండు పెద్దాయన వచ్చాడు. డ్రమ్ములు వాయించేది ఆయనే. మనిషి కొండంత ఉంటాడు. కుర్చీ చివర ముడుచుకుని కూర్చుని నీళ్ళు నమిలాడు.

"మావాడి గిటారు మీ దగ్గరికి వచ్చినప్పటి నుంచి మరీ ఘోరంగా తయారైంది బాబాయ్. అంతకుముందే పదును మీట చివరిదాకా తిప్పేసి వాయించేవాడు. ఇప్పుడు జనం చెవులు మూసుకుని తింటున్నారు. నెలాఖరు శనివారం వరకూ చూస్తామన్నారు హోటలువాళ్ళు. ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకోమన్నారు. ఇరవై రెండేళ్ళు పక్కపక్కన వాయించాం. ఆ మాట నా నోటితో ఎలా చెప్పను?"

"మీరేం చెప్పకండి. ముందు వైరు చూస్తాను" అన్నాడు బాబాయి.

కోడలు ఇక ఆగలేకపోయింది. పెద్దాయన గేటు దాటీ దాటగానే బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"మావయ్యా, మీతో ఒక మాట చెప్పాలి. లోపం గిటార్లో లేదు. ఆయన చెవుల్లో ఉంది. సన్నటి శబ్దాలు ఆయనకు అందట్లేదు. ఇలాంటివాళ్ళను రోజుకు పదిమందిని చూస్తాను. ఆ రోజు చేతి గడియారం మోగితే ఆయనకు తెలియనే లేదు."

"ఈమధ్య గడియారాల్లో స్పీకర్లు మరీ నాసిగా వస్తున్నాయమ్మా."

"వంటింట్లో ఉన్న అత్తయ్యకు వినపడింది."

"మీ అత్తయ్యకు పక్కవీధిలో గుసగుసలు కూడా వినపడతాయి. ఆవిడతో పోలికేంటి?"

"మీరు పదును పెంచుకుంటూ పోతే బ్యాండులో ఆయన చోటు ఊడేలా ఉంది. మనిషిలో లోపముంటే మనిషితోనే చెప్పాలి కదా."

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, గిటారును బోర్లా తిప్పి, "ఆ చిన్న డ్రిల్లు ఇటందివ్వు అమ్మాయ్" అన్నాడు. కోడలు డ్రిల్లు బల్ల మీద ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది. మూడు రోజులు మామగారితో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడోరోజు ఆమె గదిలో ఫ్యాను ఎందుకో బాబాయి విప్పి బిగించాడు. ఉక్కపోతకు అమ్మాయి చికాకు పడుతోందని అత్తయ్యతో అన్నాడట.

నెలాఖరు శనివారం రానే వచ్చింది. కోడలు అత్తయ్యను తీసుకుని హోటలుకు వెళ్ళింది. జరగబోయేది కళ్ళారా చూసి, ఇంటికొచ్చి మామగారిని నిలదీయాలని ఆమె ఉద్దేశం. హాలు నిండుగా ఉంది. హోటలు మేనేజరు చేతులు కట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. డ్రమ్ముల పెద్దాయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎర్ర గిటారాయన ఒక్కడే పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. ఆయన గిటారు మీద చెయ్యి వేయగానే అత్తయ్య అలవాటుగా సంచిలోంచి దూది తీసింది.

గిటారు మోగింది. అత్తయ్య దూది పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎక్కడా గరుకులేదు, గుచ్చుకోవడం లేదు. మెత్తగా, నిండుగా హాలంతా పరుచుకుంది. తింటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ఎర్ర గిటారాయన పాట మధ్యలో తన పదును మీటను చివరిదాకా తిప్పేశాడు. పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. శబ్దం ఇసుమంతైనా మారలేదు. ఎర్ర గిటారాయన మాత్రం అద్భుతంగా మారినట్టు తలూపుకుంటూ, కళ్ళు సగం మూసి, ఇరవై రెండేళ్ళ అనుభవమంతా వేళ్ళలోకి తెచ్చి వాయించాడు. మేనేజరు కట్టుకున్న చేతులు విప్పి చప్పట్లు కొట్టాడు.

విరామంలో కోడలు పలకరించే నెపంతో వేదిక దగ్గరికి వెళ్ళింది. ఆయన కాళ్ళ దగ్గర ఆయనవైపే తిరిగి ఉన్న ఒక చిన్న స్పీకరు పెట్టె కనిపించింది. "ఇది బాబాయి ఇచ్చాడమ్మా, హాలు గోలలో నా గిటారు నాకు వినపడటానికి" అని ఆయన తీగ మీటి చూపించాడు. పెట్టెలోంచి వచ్చిన సన్నటి కీచుమోతకు ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. "ఎంత హాయిగా ఉందో చూశావా?" అన్నాడాయన.

అప్పుడు చూసింది కోడలు. గిటారుకు వైరు తగిలించే రంధ్రం ఒకటి ఉండాల్సిన చోట రెండున్నాయి. ఒక వైరు పెద్ద స్పీకర్లకు పోతోంది. రెండోది ఆ చిన్న పెట్టెకు పోతోంది. పదును మీట ఆ రెండోదానికి మాత్రమే కలిపి ఉందని ఆమెకు అర్థమైంది. ఆయన ఎంత తిప్పుకున్నా ఆయనకే వినపడుతుంది, జనానికి అంటదు.

ఇంటికొచ్చేసరికి బాబాయి బల్ల సర్దుకుంటున్నాడు. కోడలు ఎదురుగా కూర్చుంది.

"మీకు మొదటి నుంచీ తెలుసు కదా మావయ్యా."

"గడియారం నాకూ వినపడిందమ్మా."

"మరి మూడువారాలు ఎందుకు పదును పెంచుతూ పోయారు?"

"ఎక్కడ ఆగుతాడో చూద్దామనుకున్నాను. ఆగలేదు. అప్పుడు అర్థమైంది, చెవి ఎంత పోయిందో." బాబాయి స్క్రూడ్రైవరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "మొదటిరోజే నీ చెవులు పోయాయి అని చెప్పామనుకో. గిటారు ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ముట్టుకునేవాడు కాదు. ముందుగా ఆయన శనివారాన్ని ఆయన చేతికి ఇచ్చేద్దాం, చెవి సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. వైరుదే తప్పంటే ఎవరూ చిన్నబుచ్చుకోరమ్మా. వైరు కూడా ఏమీ అనుకోదు."

కోడలికి మామగారి మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టిందంటే, ఏం చేయాలో తెలియక ఆయన బల్ల మీది సీసం తుంపులన్నీ ఏరి డబ్బాలో వేసింది.

"నా చేతిలో ఉన్న పని ఇక్కడివరకే. తర్వాతది నీది" అన్నాడు బాబాయి.

మర్నాడు ఎర్ర గిటారాయన కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చాడు. బాబాయి ఆయనకు టీ ఇచ్చి మెల్లగా మొదలుపెట్టాడు. "తీగ నుంచి పికప్పుదాకా చూశాను. పికప్పు నుంచి పెట్టెదాకా చూశాను. పెట్టె నుంచి మీ లోపలిదాకా ఉన్న లైనొకటి మిగిలిపోయింది. అది నా దగ్గరున్న మీటరుకు అందదు. మా కోడలి దగ్గర పెద్ద మీటరుంది. మీ దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఏడాదికోసారి కళ్ళు చూపించుకోమని మీరు చెప్పట్లేదూ, అలాంటిదే."

"మొత్తం లైను చూస్తేగాని పని పూర్తయినట్టు కాదంటారు" అన్నాడాయన.

"కాదండీ."

ఎర్ర గిటారాయన ఆ వారమే ఆసుపత్రికి వచ్చాడు. కోడలు గీసిన చార్టు చివర్లో గీత మెట్ల మీంచి జారినట్టు కిందికి పడింది. ఆమె ఒక్క మాట కూడా దాచకుండా అంతా చెప్పింది. ఆయన ఆ గీత వెంట వేలు పోనిచ్చి, "అద్దాలు పెట్టుకునేవాళ్ళకు అందులో నామోషీ ఏముందని నేనే చెబుతుంటాను" అన్నాడు. పదిహేను రోజుల్లో రెండు చెవులకూ చిన్న మిషన్లు వచ్చాయి.

నెల తిరక్కుండానే ఎర్ర గిటారాయన మళ్ళీ ఊడిపడ్డాడు. ఈసారి మొహం కందగడ్డలా ఉంది. గిటారును బల్ల మీద పెట్టి, చిన్న పెట్టెను దాని పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్ ఇది? చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది. ఇంత కీచుమంటున్న గిటారును ఎవరైనా గిటారంటారా? ఇరవై రెండేళ్ళు దీని గొంతు తేనెలా ఉండేది. మీరు పికప్పులు మార్చినప్పటి నుంచే దీనికీ గతి పట్టింది."

కోడలికి ఒళ్ళు భగ్గుమంది. "చూడండీ, అసలు మీరే..." అని మొదలుపెట్టింది. బాబాయి చెయ్యి చిన్నగా ఎత్తాడు. ఇప్పుడు వైరు మాట వస్తుందని ఆమె ఎదురుచూసింది.

"నాదే తప్పు" అన్నాడు బాబాయి. "పదును మోతాదు మించి పెట్టేశాను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, ఏమన్నారు? మళ్ళీ ఒకసారి అనండి" అంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో తప్పు ఒక మనిషి మీద పడటం అదే మొదటిసారి.

"నాదే తప్పన్నాను" అన్నాడు బాబాయి కాస్త గట్టిగా.

ఎర్ర గిటారాయన కోపమంతా జారిపోయింది. బాబాయి భుజం తట్టాడు. "పోనీలెండి, పెద్దవారయ్యారు. ఈ వయసులో చెవి కాస్త అటూఇటూ అవుతుంది. మీరూ ఓసారి కోడలితో చూపించుకోండి. నేను చూపించుకున్నానుగా, ఎంత తేడా వచ్చిందో."

"తప్పకుండా చూపించుకుంటానండీ" అన్నాడు బాబాయి వినయంగా.

కోడలు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. బాబాయి సొరుగులోంచి గుడ్డలో చుట్టిన పాత పికప్పులు తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర గిటారును బోర్లా తిప్పి వెనక మూత స్క్రూ విప్పసాగాడు. చెక్కలో బిగుసుకున్న స్క్రూ అది, వినీ వినపడకుండా చప్పుడు చేసింది.

"ఆ స్క్రూ కిర్రుమంటోంది బాబాయ్. కాస్త నూనె చుక్క వెయ్యరాదూ" అన్నాడు ఎర్ర గిటారాయన చిరాగ్గా.

బాబాయి మొహం వెలిగిపోయింది. నూనె సీసా పక్కనే ఉన్నా అందుకోలేదు. స్క్రూను మరికాస్త నెమ్మదిగా తిప్పాడు.